నాలుగు సెకన్ల అమ్మ

ఏయ్, ఈ కథ వింటున్న నిన్నే. అంతంత చెవులు పెట్టుకుని వానను కూడా వినవేం?

రేకు మీద చినుకులు... టప్. టప్. కాసేపాగి, టప్.

మా మేనకోడలు వింటుంది. పదహారేళ్ళ పిల్ల. వానకు ఫోన్ పట్టుకుంటుంది. కుళాయికి పట్టుకుంటుంది. నా గురకనూ వదల్లేదు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చప్పుళ్ళను కత్తిరిస్తుంది, వాళ్ళమ్మ గుడ్డ కత్తిరించినట్టే.

వాళ్ళమ్మంటే మా అక్క. బట్టలు కుట్టేది. పోయి ఎనిమిది నెలలు.

ఇంట్లో ఇప్పుడు మేమిద్దరమే.

తెర మీద చప్పుడు అలలా కనబడుతుంది. వాన ఒక అల. నా గురక ఒక కొండ.

మీ ఇంటిని చప్పుళ్ళతో చెప్పండి అన్నారట బడిలో. పిల్ల దగ్గర ఇల్లంతా ఉంది. అమ్మ గొంతు మాత్రం నాలుగు సెకన్లు.

"పిట్టా, ఆ కత్తెర ఇలా అందుకో."

అంతే. చిన్న అల.

దాన్నే మళ్ళీ... మళ్ళీ... మళ్ళీ. కంచంలో అన్నం ఎండిపోయేది.

నా చదువు అయిదో తరగతి దాకానే. గొంతులు మాత్రం ఎవరివైనా దింపేస్తాను. అక్క గొంతుతో పిలిచి పక్కింటావిడను ఎన్నిసార్లు పరిగెత్తించానో.

ఒక ఆదివారం తలుపేసుకున్నాను. అక్క పాత ఫోన్ తీశాను. తేదీ వెనక్కి తిప్పాను — ఆమాత్రం విద్య నాకూ వచ్చు. పళ్ళ మధ్య దారం పెట్టుకున్నాను. అక్క ఎప్పుడూ దారం నోట్లో పెట్టుకునే మాట్లాడేది.

"పిట్టా, గౌనుకి జేబు పెట్టనా, వద్దా?"

పాత ఫోన్లో దొరికిందని ఇచ్చాను.

పిల్ల విన్నది. ఇంకోసారి విన్నది. నా మొహం చూసింది. లేచి వెళ్ళి అన్నం తిన్నది.

మళ్ళీ ఆదివారం అడిగింది.

"ఇంకోటేమైనా ఉందేమో చూడు మామయ్యా."

ఉంది. ఎందుకుండదు?

అలా ఆరు ఆదివారాలు. అల మీద అల. జడ గురించి ఒకటి, జ్వరం గురించి ఒకటి. "మీ మామయ్య మాటలు నమ్మకే, వాడొట్టి కోతలరాయుడు" — అక్క చేత ఇదీ నేనే అనిపించాను.

నవ్వడానికి చేసే మోసం వేరు.

పోయిన మనిషి నోట్లో మాట పెట్టడం వేరు. చెప్పేద్దామనుకుంటే పిల్ల తింటోంది...

బడి హాల్లో వినిపించారు. వాన. కుళాయి. నా గురక — అందరూ నవ్వారు. తర్వాత అక్క. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, అది నా గొంతేనని తెలిసి కూడా.

చివర్లో తెర మీద అక్షరాలు. కూడబలుక్కుని చదివాను.

అమ్మ — నాలుగు సెకన్లు.

మిగతా అమ్మ — మామయ్య.

బయట వరండాలో పిల్ల పక్కన నిలబడ్డాను.

"ఎప్పుడు తెలిసిందే?"

"మొదటిదానికే. వెనకాల ఫ్యాన్ కిర్రుమంటోంది. అది అమ్మ పోయాక నువ్వు బిగించిన ఫ్యాను."

"మరి చెప్పలేదేం?"

నా వైపు చూడలేదు.

"చెబితే ఇంకోటి దొరికేది కాదుగా."

రేపు ఆదివారం.