మణికట్టు మీద గీత

అమ్మ గాజులు సర్దుతుంటే జయంతికి ఆ గీత కనిపించింది. ఎడమ మణికట్టు చుట్టూ, కట్టి గుంజినట్టు కమిలిపోయి ఉంది.

"ఇదేంది మా?"

లక్ష్మీదేవమ్మ చెయ్యి లాక్కుని కొంగు కింద దాచుకుంది. "గాజు ఒత్తుకున్యాదిలే."

గాజు ఒత్తుకుంటే అంత వెడల్పున కమలదు. పక్క మంచంలోని తిప్పమ్మ వైపు చూస్తే, ఆమె మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

జయంతి ధర్మవరంలో మగ్గం నేస్తుంది. పక్షవాతంతో కాలు పడిపోయిన తల్లిని ఎత్తి దించడం ఒక్కదానివల్ల కాక, సోమందేపల్లె దగ్గర హైవే పక్కనున్న వృద్ధాశ్రమంలో చేర్చింది. వీలైన ఆదివారమల్లా బస్సెక్కి వస్తుంది.

వరండాలో ఆయా సువర్ణ ఒక ముసలాయనకు గంజి తాగిస్తోంది. జయంతి సూటిగా అడిగింది. "రాత్రిళ్ళు మా అమ్మను మంచానికి కట్టేస్తాండారా?"

"నేనెందుకు కడతానక్కా?" అంది సువర్ణ, తలెత్తకుండానే. లోపల ఎవరో పిలిస్తే గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. తప్పించుకున్నట్టే అనిపించింది జయంతికి.

మేనేజర్ ఉదయ్ కుమార్ నవ్వాడు. "మా దగ్గర అట్లాంటివి జరగవు మేడం. పగటికి వేరే ఆయాలు, రాత్రికి వేరే ఆయాలు ఉండారు."

"రాత్రి ఆయా పేరేంది?"

"కొత్తామె..." అంటూ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. పేరు మాత్రం చెప్పలేదు.

తిరిగొచ్చాక జయంతికి మగ్గం మీద మనసు నిలవలేదు. బుధవారం ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది. మధ్యాహ్నం, గేటు దగ్గర అడిగే దిక్కు లేదు. అమ్మ నిద్రపోతోంది. దిండు సర్దబోతే కింద పాత చీర అంచు దొరికింది. పొడుగ్గా చించి, రెండు కొసలా ముడేసి ఉంది.

సువర్ణ బకెట్‌తో లోపలికొస్తే, జయంతి ఆ గుడ్డ ఆమె మొహం ముందు ఆడించింది. "అబద్ధాలు చెప్తావా? కాలు పడిపోయిన మనిషిని పశువును కట్టినట్టు కడతావా?"

"ఆ పిల్లను అనొద్దు మే! అది మాది," అని అరిచింది తిప్పమ్మ.

లక్ష్మీదేవమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. తిప్పమ్మ ఆగలేదు. "రాత్రి పిలిస్తే పలికేవాళ్ళు లేరు. మీ అమ్మ బాత్‌రూముకని దిగి పడి, తెల్లారేదాంక నేల మీదనే ఉండె. నేను పండుకుంటే పిడుగు పడినా లేవను. అందుకే ఆమె చెయ్యి, నా చెయ్యి కలిపి కట్టుకుంటాం. గుంజితే లేస్తా."

జయంతి గుడ్డ దించి తల్లి వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు కొట్లాడితే సారు మమ్మల్ని వేరే వేరే రూముల్లో ఏస్తాడని."

"మరి రాత్రి ఆయా?"

సువర్ణ బకెట్ కింద పెట్టింది. "నేనేనక్కా. పగలూ నేనే, రాత్రీ నేనే. మిగతావాళ్ళు బట్టల ఫ్యాక్టరీకి పోయినారు. రాత్రి ఒరిగితే నాకు ఒళ్ళు తెలీదు. సారు ఎవరికీ చెప్పొద్దన్నాడు."

తప్పయిందని చెప్పాలనుకుంది జయంతి. అప్పటికే సువర్ణ తడిసిన దుప్పట్లు ఎత్తుకుని బయటికి నడుస్తోంది.

తిప్పమ్మ కొడుకు గిరి కదిరిలో ఆటో నడుపుతాడు. కలిసి పోయి అడుగుదామని జయంతి ఫోన్ చేస్తే భయపడ్డాడు. "గట్టిగా అడిగితే సారు అమ్మను తీసుకపొమ్మంటాడక్కా. యాడ పెట్టుకోవల్ల?"

ఆ భయం ఆమెకూ ఉంది. అయినా ఆదివారం ఇద్దరూ, చూడవచ్చిన మరికొందరూ కలిసి ఆఫీసు గదిలో నిలబడ్డారు.

"మనుషులు దొరకడం లేదు మేడం," అన్నాడు ఉదయ్ కుమార్.

"దొరకలేదని చెప్పల్ల. ఉండారని ఎందుకు చెప్పినావు?" అంది జయంతి.

గిరి గొంతు సవరించుకున్నాడు. "దొరికేదాంక మేమే వంతులేసుకోని రాత్రికి ఈడ పండుకుంటాం సార్."

బయటివాళ్ళు రాత్రంతా లోపల ఉంటారనేసరికి మేనేజర్ మొహం మారింది. ఆ వారంలోనే రామక్క అనే ఆమెను రాత్రి పనికి పెట్టాడు. సువర్ణ చాన్నాళ్ళకు బెళుగుప్పలో వాళ్ళ ఇంటికి పోయొచ్చింది.

మళ్ళీ వచ్చినప్పుడు జయంతి రామక్క కోసం సాయంత్రందాకా కాచుకుంది. ఇంతకుముందు ఎక్కడ చేసింది, పగలు నిద్రపోతుందా, ఎన్నాళ్ళుంటుంది అని గుచ్చి గుచ్చి అడిగి, ఫోన్ నంబర్ తీసుకుంది.

"మొన్న సువర్ణను దొంగను చేస్తివి, ఇప్పుడు ఈమెనా?" అని కసిరింది లక్ష్మీదేవమ్మ. "ఆమె మమ్మల్ని చూసుకోవల్లనా, నీకు జవాబులు చెప్పల్లనా?"

"రెండూ చేయనీమ్మా," అంది జయంతి. "రాత్రికి ఆయాలు ఉండారని సారు అంటే ఒకసారి నమ్మినా కదా."