ముప్పయ్యారు ఫోటోల రీలు

2018 మార్చి 14, బుధవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు తాష్కెంట్‌లోని అనోర్‌బోగ్ భూగర్భ రైలు స్టేషన్లో ఉత్తరపు గోడ మీది కాల్చిన మట్టి పలకల బొమ్మ కూలిపోయింది. మూడు మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల పొడవు, మొత్తం రెండు వందల పన్నెండు పలకలు. ఆ సమయంలో ప్లాట్‌ఫాం మీద తొమ్మిది మంది ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పై వీధిలో చెట్లకు పారే కాలువ నీరు ఏళ్ల తరబడి గోడ వెనక్కి ఊరిందని తర్వాత తేలింది. విరగకుండా దొరికినవి నలభై ఒక్క పలకలు.

తుర్గున్‌కు ఈ సంగతి ఆ మధ్యాహ్నమే చాయ్‌ఖానాలో తెలిసింది. చెప్పినవాడు అతనితో పాటు మిలీషియాలో, అంటే అక్కడి పోలీసుల్లో, పనిచేసి రిటైరైన స్నేహితుడు.

"ఒరేయ్ తుర్గున్, నీ రెండో పెళ్లాం పడిపోయిందిరా!"

పాత వేళాకోళమే అది. 1984లో స్టేషన్ తెరిచిన నాటి నుంచి ఇరవయ్యారేళ్లు తుర్గున్ ఆ ప్లాట్‌ఫాం మీద, ఆ గోడకు ఎదురుగా కాపలా నిలబడ్డాడు. బొమ్మలో దానిమ్మ చెట్టు కింద, కాలువ పక్కన, కూజాతో ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో పెళ్లాం సలోమత్ కంటే దీని మొహమే ఎక్కువ చూస్తున్నావని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. ఆ రోజు తుర్గున్ నవ్వలేదు. చాయ్ చల్లారేదాకా గిన్నె చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు.

మే మొదటి వారంలో స్టేషన్ స్తంభాలకు ఒక కాగితం అంటించారు. బొమ్మ ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చివ్వాలని, ఇరవై అయిదో తేదీ లోపల ఆధారం దొరక్కపోతే గోడకు గ్రానైటు వేస్తారని అందులో రాశారు. కింద నమూనా తయారుచేసే కార్యాలయం చిరునామా ఉంది. తుర్గున్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఫోటో ఉండదని అతనికి తెలుసు. యుద్ధం వస్తే జనం తలదాచుకోవలసిన చోటు కాబట్టి స్టేషన్లో ఫోటోలు మొదటి రోజు నుంచీ నిషేధం. నిషేధాన్ని అమలు చేసింది అతనే. ఎన్ని కెమెరాలు తెరిచి రీళ్లు లాగాడో లెక్క పెట్టుకోలేదు. అన్నిట్లోకీ గుర్తున్నది ఒకటే.

మే 10న అతను ఆ కార్యాలయానికి వెళ్లాడు. గోడ పని చూస్తున్న ఆర్కిటెక్టు మఫ్తూనాకు ముప్పై ఏళ్లు ఉంటాయి. ఆమె బల్లకు అవతల అప్పటికే ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తుర్గున్ గుమ్మంలో ఆగిపోయాడు.

"రండి బాబాయ్. ఈయన ఉస్తా మీర్‌సాలిహ్. ఆ పలకలు కాల్చింది ఈయనే. మీరు ఫోటో తెచ్చారా?"

"లేదమ్మా. అక్కడ డ్యూటీ చేశాను. బొమ్మ నాకు నోటికొచ్చు."

మీర్‌సాలిహ్ తల ఊపి సలాం చెప్పాడు. తుర్గున్ డ్యూటీ రోజుల్లో ప్రతి శుక్రవారం చెప్పినట్టే చెప్పాడు.

మఫ్తూనా తెల్ల కాగితం మీద గళ్లు గీసుకుని ఉంది. తుర్గున్ చెప్పడం మొదలుపెట్టాడు. దానిమ్మకాయలు పంతొమ్మిది, వాటిలో పగిలినవి నాలుగు. పిట్టలు పదకొండు. కింది నుంచి రెండో వరసలో, ఎడమ నుంచి తొమ్మిదో పలక మిగతావాటి కంటే ముదురు నీలం.

"పొయ్యిలో పక్కకు ఒరిగింది అది. మంట ఎక్కువ తగిలింది. తీసేద్దామంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు" అన్నాడు మీర్‌సాలిహ్.

"మీ అమ్మాయా తాతా?" అంది మఫ్తూనా.

"ఒయ్‌దిన్. పలకల మీది మెరుగు కలిపింది నేను, కాల్చింది నేను. గీసింది అంతా తనే. ఇరవై ఒక్క ఏళ్లు అప్పుడు. పేరు నాదే రాశారు, పెద్ద పనివాణ్ని, ఉస్తాను కదా."

"అయితే గీసిన కాగితం ఉండాలిగా? అసలు సైజుది?"

"ఆ కాగితాన్నే ముక్కలు చేసి పలకలు చుట్టి లారీ ఎక్కించాం తల్లీ. విరిగితే ఎలాగని భయపడ్డాం, కాగితం పోతుందని కాదు. తాపీవాళ్లు విప్పి పారేశారు."

"మరి ఒయ్‌దిన్ అక్క ఇంకేమన్నా గీసిందా?"

"స్టేషన్ తెరిచిన మరుసటేడు కాలేజీ వాళ్లతో పత్తి ఏరడానికి పంపారు. కామెర్లతో తిరిగొచ్చింది. నవంబరులో పోయింది. చేసింది అదొక్కటే."

మఫ్తూనా పెన్సిల్ చెక్కింది.

"ఒక్కరు కూడా ఫోటో తియ్యలేదా? ఇన్నేళ్లలో? దొంగతనంగానైనా?" అంది చివరికి.

"ఒకాయన తీశాడు" అన్నాడు తుర్గున్. "ఎనభయ్యారు, ఏప్రిల్ పదకొండు, శుక్రవారం. కోటు లోపల కెమెరా పెట్టుకొచ్చాడు. ఆరు ఫోటోలు తీశాక పట్టుకున్నాను. మూత తెరిచి రీలు మొత్తం వెలుతురులోకి లాగేశాను. బతిమాలాడు. మా అమ్మాయి వేసిందయ్యా సార్జంటూ, అమ్మాయి లేదిప్పుడు అన్నాడు. కూతుళ్లు అందరికీ ఉన్నారు, నడువు అన్నాను."

మఫ్తూనా ముసలాయన వైపు చూసింది. ఆయన చేతికర్ర పట్టుకున్న వేళ్లు చూసుకుంటున్నాడు.

"మీరు నన్ను గుర్తుపట్టలేదనుకున్నాను ఉస్తా," అన్నాడు తుర్గున్. "వారం వారం వచ్చి సలాం చెప్పేవారు. ఐదు నిమిషాలు నిలబడనివ్వమనేవారు."

"గుర్తుపట్టకపోవడమేంటి తమ్ముడూ. నీతో మంచిగా ఉండకపోతే ఆ ఐదు నిమిషాలూ ఉండవుగా."

"ఆరు ఫోటోలు ఉంటే ఇవాళ ఆ బొమ్మ మళ్లీ గోడకెక్కేది. నా వల్లే పోయింది."

మీర్‌సాలిహ్ తల ఎత్తాడు.

"రీలులో ముప్పయ్యారు ఉంటాయి."

"అవును."

"నువ్వు ఆరే లెక్కపెట్టావు. అప్పట్లో ఒక్కో రీలు ఏడాది వాడుకునేవాళ్లం. ముందువి ముప్పై మా అమ్మాయివి. నౌరూజ్ పండగ నాడు వీధిలో గోధుమ మొలకల సుమలక్ పాయసం కలుపుతుంటే తీసినవి. పొయ్యి దగ్గర మసి మొహంతో తీసినవి. పత్తికి వెళ్తూ బస్సు మెట్టు మీద మూట పట్టుకుని నిలబడితే ఒకటి తీశాను. ఆఖరి ఆరు తన బొమ్మ కోసం దాచి ఉంచాను. అన్నీ కలిపి ఒకేసారి కడిగిద్దామని."

తుర్గున్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడెందుకులే. పిల్ల కాగితం పట్టుకుని కూర్చుంది. మిగతాది చెప్పు," అన్నాడు మీర్‌సాలిహ్.

సాయంత్రం నాలుగింటికి గళ్లు దాదాపు నిండాయి. మొహం ఉన్న మూడు పలకలు మిగిలాయి. అవి పొడి అయిపోయాయి, ముక్క కూడా దొరకలేదు.

"అమ్మాయి నీళ్లలోకి చూస్తూ ఉంటుంది," అన్నాడు మీర్‌సాలిహ్.

తుర్గున్ తలవంచుకున్నాడు.

"చెప్పండి బాబాయ్," అంది మఫ్తూనా.

"మెట్ల వైపు చూస్తుందమ్మా. దిగి వచ్చేవాళ్ల వైపు. గడ్డం కాస్త పైకెత్తి." ఉస్తా వైపు చూశాడు. "నేను తప్పు కావచ్చు. కన్నవాడు ఆయన. ఆయన చెప్పినట్టే గియ్యి."

మీర్‌సాలిహ్ కళ్లు మూసుకుని తెరిచాడు.

"నేను వారానికి ఐదు నిమిషాలు చూశాను. అదీ సరిగ్గా కనపడేది కాదు, కళ్లలో నీళ్లు. ఇతను ఇరవయ్యారేళ్లు ఎదురుగా నిలబడి చూశాడు. ఇతను చెప్పిందే వెయ్యి తల్లీ. మెట్ల వైపే."

మఫ్తూనా మెట్ల వైపే గీసింది. వెళ్లే ముందు ముసలాయన ఆ కాగితం దగ్గరికి వంగి చూశాడు. "గడ్డం మా ఒయ్‌దిన్ వాళ్లమ్మది," అని మాత్రం అన్నాడు.

మే 25న కమిటీ కూర్చుంది. మఫ్తూనా గీసిన కాగితాలు, నలభై ఒక్క పలకలు, ఇద్దరి వాంగ్మూలాలు ముందు పెట్టింది. ఇద్దరి మాటల్లో తేడా ఉందన్న సంగతి కూడా ఆమె దాచలేదు. జ్ఞాపకాన్ని ఆధారంగా తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవని కమిటీ రాసింది. అంతా పదకొండు నిమిషాల్లో అయిపోయింది. గ్రానైటుకు సంతకాలు పడ్డాయి. మిగిలిన పలకలను పెట్టెల్లో సర్ది గిడ్డంగికి పంపారు. ముదురు నీలం పలక ఒక్కటి మఫ్తూనా రశీదు రాసి మీర్‌సాలిహ్ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చింది.

జూన్ 1, శుక్రవారం నుంచి స్టేషన్లలో ఫోటోలు తీసుకోవచ్చని ప్రకటించారు. ఉదయం తొమ్మిదికే అనోర్‌బోగ్‌లో కాలేజీ పిల్లలు ఫోన్లతో దిగారు. స్తంభాలను, దీపాలను, ఒకరినొకరు తీసుకుంటున్నారు. ఉత్తరపు గోడకు గ్రానైటు వేసి రెండు రోజులైంది. బూడిద రంగు పలకలు, నలభై ఎనిమిది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

తుర్గున్ తన పాత చోటులో నిలబడి ఉన్నాడు. పది గంటల పది నిమిషాలకు మీర్‌సాలిహ్ కర్ర ఆనించుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. సలాం చెప్పాడు. జేబులోంచి మనవరాలి ఫోన్ తీసి తుర్గున్ చేతిలో పెట్టాడు.

"నాకు రాదు. నువ్వు తియ్యి సార్జంటూ."

"గోడనా ఉస్తా?"

"గోడనే."

ఆయన వెళ్లి గోడకు ఎదురుగా నిలబడ్డాడు. ఫోన్‌కు వీపు కనపడుతోంది. తుర్గున్ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు. పక్కనున్న అమ్మాయి ఎక్కడ నొక్కాలో చూపించింది. డ్యూటీలో ఉన్న మిలీషియా కుర్రవాడు వాళ్ల వైపు చూసి, రైలు వస్తున్న వైపు తిరిగాడు.

ఆ ఫోన్లో ఆ రోజు తీసిన ఫోటో అదొక్కటే. అందులో గ్రానైటు గోడ ఉంది, దాని ముందు వీపు తిప్పి నిలబడ్డ మనిషి ఉన్నాడు. మీర్‌సాలిహ్ పది గంటల నలభై నిమిషాలకు గోడ దగ్గర నుంచి కదిలాడు. అప్పటిదాకా ఆయన్ని కదలమని ఎవరూ అనలేదు.