మూడో కొటేషన్

ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్పై ఏళ్ళు కొనుగోళ్ళ గుమాస్తాగా పనిచేసిన మనిషి ఆయన. చీపురుకట్ట కొనాలన్నా సరే, మూడు చోట్ల ధర అడిగి, మూడు కొటేషన్లనూ ఒక కాగితం మీద గళ్ళు గీసి పక్కపక్కన రాస్తే తప్ప సంతకం పెట్టేవాడు కాదు. ఆఫీసులో ఆయనకు ‘మూడు కోట్ల ఆసామి’ అని పేరు. కోట్లంటే డబ్బనుకుని కొత్తగా చేరినవాళ్ళు లేచి నమస్కారం పెట్టేవారు.

కంటి డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆయన నిమ్మకు నీరెత్తినట్టే కూర్చున్నాడు. కుడికంట్లో నడిమి చూపు అప్పటికే పోయింది. ఎడమకన్ను ఆరు నెలలు, మహా అయితే ఎనిమిది. అంచుల్లో కాస్త వెలుగు మిగులుతుందట, నడిమధ్యంతా మసక మూసేస్తుందట. అలవాటు కొద్దీ మరో ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాడు. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉన్నాడు.

కోరిక ఒక్కటే మిగిలింది. ఐదో తరగతి పుస్తకంలో శనిగ్రహం బొమ్మ అచ్చులో అలుక్కుపోయి, ఎవరో సిరా ఒలకబోసినట్టు ఉండేది. ఆ ఉంగరాలను ఒక్కసారి తన కంటితో చూడాలి.

"కొండలున్నాయి, సముద్రముంది, మనవలున్నారు. పోయి పోయి శనిని చూస్తానంటారేమిటండీ! ఉన్న శని చాలదా?" అంది భార్య. అలా అంటూనే చెప్పులేసుకుని టెలిస్కోపుల షాపుకు వెంట నడిచింది.

షాపు నడిపే ఆవిడ ఒకప్పుడు సైన్సు టీచరు. చుట్టుపక్కలవాళ్ళకు చుక్కల మేడం. అద్దాల వెనక ఒక టెలిస్కోపు సిద్ధంగా నిలబెట్టి ఉంది. "తీసుకెళ్ళండి సార్. ఆకాశం తేటగా ఉంది, చీకటి పడగానే శని తూర్పున లేస్తుంది. ఈరోజే చూసేయొచ్చు" అంది.

ఆయన ధర రాసుకుని వచ్చేశాడు. బస్టాండు దగ్గరి కెమెరాల షాపులో రెండో ధర దొరికింది. మూడోది లేదు. ఊళ్ళో అలాంటివి అమ్మే మూడో షాపే లేదు.

"ఆలస్యం అమృతం విషం అన్నారు. ఆవిడ దగ్గరున్నది తెచ్చేద్దామండీ" అని భార్య రోజుకోసారి అనేది.

"రెండే ఉన్నాయి. రెంటితో ఎలా తేల్చను?" అనేవాడాయన.

నెల తిరిగాక, ఎక్కడో విదేశంలో ఉన్న కంపెనీ నుంచి మూడో కొటేషన్ వచ్చింది. అదే టెలిస్కోపు, మూడో వంతు తక్కువ. గళ్ళ కాగితం నిండింది. అన్నిటికంటే తక్కువ ధర ఎవరిదో తేలిపోయింది. ముప్పై ఏళ్ళుగా చేసిన పనే, చెయ్యి దానంతటదే ఆర్డరు పెట్టింది. ఎన్నాళ్ళలో వస్తుందని ఒక గడి గీశాడు గానీ, తన కన్ను ఎన్నాళ్ళుంటుందన్నది ఏ గడిలోనూ రాయలేదు. అంత లెక్క తెలిసిన మనిషికి ఆపాటి తోచలేదంటే ఏమనాలి!

పెట్టె కస్టమ్స్‌లో ఇరుక్కుంది. ఈ కాగితం పంపమంటే పంపాడు, ఆ సంతకం కావాలంటే పెట్టాడు. మూడున్నర నెలలు గడిచాయి. ఈలోగా పేపర్లో మాటల మధ్య అక్షరాలు మాయమవడం మొదలైంది. భార్య మొహంలో ముక్కు పోయింది, తర్వాత కళ్ళు పోయాయి, చివరికి చెవులూ జుట్టూ మిగిలాయి. ఆయన ఎవరితోనూ అనలేదు. అనాలనీ అనిపించలేదు.

చివరికి ఒక మూల సొట్టపడ్డ పెట్టె ఇంటికొచ్చింది. కింది వాటాలో ఉండే బావమరిది ఆయాసపడుతూ డాబా మీదికి మోశాడు. అతనే బిగించి చూస్తే దీపస్తంభం కూడా అలుక్కుపోయి కనిపించింది. దారి కుదుపులకు లోపలి అద్దాలు కదిలాయి. కంపెనీకి రాస్తే, తిప్పి పంపండి, రెండు నెలల్లో సరిచేస్తామన్నారు. ఇంట్లోనే సరిచేసుకోవాలంటే అద్దం నడిమధ్య ఉన్న చిన్న చుక్కను చూస్తూ మరలు తిప్పాలి. ఆ నడిమధ్యే ఆయనకు లేనిది.

చుక్కల మేడం షాపుకు వెళ్ళడానికి సిగ్గు పడాల్సింది. ఆ సిగ్గు కూడా సరిగ్గా రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, కన్ను సంగతి తప్ప.

"డబ్బు ఎంత మిగిలింది సార్?" అని అడిగిందావిడ.

చెప్పాడు. ఆవిడ లెన్సు తుడుస్తున్న గుడ్డను మడిచి పక్కన పెట్టింది. "సాయంత్రం వస్తాను. నా చార్జీకి మాత్రం మూడు చోట్ల అడగొద్దు."

వచ్చింది. బావమరిది టార్చి పట్టుకుంటే పావుగంట మరలు తిప్పింది. పొద్దు పూర్తిగా వాలాక, పడమర దిగిపోతున్న శని మీదికి గొట్టం తిప్పి, "రండి సార్" అంది.

ఆయన వంగి ఎడమకన్ను ఆనించాడు. చుట్టూ నల్లటి ఆకాశం, మధ్యలో బూడిదరంగు మసక. కన్ను ఎటు తిప్పితే మసకా అటే వచ్చింది. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

"ఏవండీ, కనిపించిందా?"

"లేదు" అన్నాడు. అప్పుడు చెప్పాడు, డాక్టర్లు అన్నదీ, నెలల లెక్కా. భార్యకు తెలుసు గానీ ఇంత త్వరగా వచ్చిందని తెలియదు. ఆయన భుజం గట్టిగా పట్టుకుంది.

చుక్కల మేడం స్క్రూడ్రైవరు సంచిలో పెట్టబోయి ఆగిపోయింది. "ఆ మొదటిరోజే చెప్పొచ్చు కదా సార్. కొనకపోయినా ఫర్వాలేదు. షాపు పైనే మా డాబా, అక్కణ్ణుంచి ఊరికే చూపించేదాన్ని."

ఆయన సరుకు వివరం అడిగే గొంతుతో అడిగాడు. "మీరు ముగ్గురూ చూడండి. ఎలా ఉందో ఒక్కొక్కరే చెప్పండి."

"చిన్నగా, తెల్లగా ఉందండీ. ఎవరో కాగితం కత్తిరించి అంటించినట్టుంది" అంది భార్య.

"తెలుపేంటక్కా, పసుపు! మధ్యలో గుండు, అటూ ఇటూ చెవులు బావా!" అన్నాడు బావమరిది.

"మీగడ రంగు సార్. గ్రహానికీ ఉంగరానికీ మధ్య సన్నటి నల్ల సందుంది. చూడాల్సింది ఆ సందే" అంది చుక్కల మేడం.

ఆయన మూడింటినీ మనసులో పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకదానికొకటి పొంతన లేదు. ఫ్యాక్టరీలో ఇలా జరిగినప్పుడు ఆయన ఎవరి మాటా నమ్మేవాడు కాదు. బస్సెక్కి వెళ్ళి, సరుకును తన కళ్ళతో చూసుకుని వచ్చేవాడు.

"ఇంకొక్కసారి చూస్తాను" అని మళ్ళీ వంగాడు. శని ఎదురింటి నీళ్ళ ట్యాంకు వెనక్కి జారేదాకా లేవలేదు.

ఆయన లేచాక, మూత పెడదామని భార్య టెలిస్కోపు దగ్గరికి వెళ్ళింది. కన్ను ఆనించే చోట వేలికి తడి తగిలింది. పైటచెంగుతో తుడిచి, మూత పెట్టింది.