బండి ఒరిగిన వైపు

తెల్లవారాక టైలరమ్మ వెంటనే లేచేది కాదు. పరుపు మీద కదలకుండా పడుకుని బండి తేలే దాకా చూసేది.

అది ఒకప్పుడు రొట్టెలు మోసిన పాత వ్యాను. ఇప్పుడు వెనక భాగంలో ఒక పరుపు, నీళ్ళ డబ్బా, ఒంటి పొయ్యి, ఒక కుట్టుమిషను, ఆమె. ముందు సీట్లో ఆమె భర్త లిఫ్టాయన. ఆయన చనిపోయి ఏడాది దాటింది. మనిషి పోయాడు గానీ బరువు పోలేదు. ఆయన కూర్చునే వైపు బండి ఎప్పటిలాగే ఒరిగి ఉండేది.

ఎండ అద్దానికి తగిలే వేళకి ముందు సీటు కింద స్ప్రింగు కిర్రుమనేది. ఒరిగిన బండి మెల్లగా లేచి సమంగా నిలబడేది. ఆయన నడకకి దిగాడన్నమాట. అప్పుడు టైలరమ్మ కూడా లేచి, పొయ్యి కింద ఎత్తుకోసం పెట్టిన చెక్కముక్క తీసి టీ నీళ్ళు పెట్టేది. ఆయన బండిలో ఉంటే ఆ చెక్క ఉండాలి, లేకపోతే గిన్నెలో నీళ్ళన్నీ ఆయన వైపే పోతాయి. ఆయన దిగితే తీసెయ్యాలి. బతికున్నప్పుడూ అంతే. ఉంటే ఒక పని, లేకపోతే ఇంకో పని.

లిఫ్టాయన ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచెయ్యడంలోనే గడిచింది. పెద్ద పెద్ద భవనాల మధ్యలో, బావిలాంటి చీకటి గుంటల్లో, చేతి దీపం పట్టుకుని తీగలకు గ్రీజు రాస్తూ బతికాడు. పదవీ విరమణ రోజున సన్మానం చేసి శాలువా కప్పితే, అది మడత కూడా విప్పకుండా ఇంటికి తెచ్చి, "ఇక మీదట నా నెత్తిన కప్పంటూ ఉండకూడదు" అన్నాడు. అద్దె ఇల్లు ఖాళీ చేశారు. పిల్లల్లేరు, అడిగేవాళ్ళు లేరు. వ్యాను కొని, లోపల తనే పలకలు కొట్టి పరుపు వేశాడు. అప్పట్నుంచి ఏ కొండ పాదం దగ్గర నీళ్ళుంటే అక్కడ ఆగేవారు. ఆయన పొద్దున్నే కొండెక్కేవాడు. ఆమె బండి వెనక తలుపు తెరిచి, మిషను వేసుకుని, అక్కడ గుడారాలు వేసుకున్నవాళ్ళకి తెగిన జిప్పులు మార్చేది, చిరిగిన గుడారాలకి మాసికలు వేసేది. అద్దం నుంచి చెట్టుకి తాడు కట్టి బట్టలారేసేది. వానొస్తే ఇద్దరూ లోపల కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నీ మోచెయ్యి తగిలిందంటే మీ మోకాలు తగిలిందని పోట్లాడుకునేవారు.

ఒక సరస్సు ఒడ్డున, టీ గ్లాసు చేతిలో పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నవాడు అలాగే పోయాడు. గ్లాసు కూడా ఒలకలేదు. చెయ్యవలసినవన్నీ చేసి ఆమె తిరిగొచ్చేసరికి, ఖాళీ బండి ఆయన వైపే ఒరిగి ఉంది.

స్ప్రింగు విరిగిందేమోనని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను కిందికి దూరి చూసి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"స్ప్రింగుకేం కాలేదమ్మా. సార్ కూర్చున్నారు. మనిషి కాస్త భారీ కదా."

"మరేం చెయ్యమంటావు?"

"చెయ్యడానికేముంది? ఆ వైపు టైరుకి గాలి కాస్త ఎక్కువ పెడతాను. మలుపుల దగ్గర నెమ్మదిగా పొండి. సార్‌కి మలుపులంటే భయం, మీకు తెలుసుగా."

ఆ తర్వాత ఎవరూ దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. ఏరు దాటించే పంటు మనిషి బండి ఒరుగు చూసి ఇద్దరికి టికెట్ చింపేవాడు. పెట్రోలు బంకులో కుర్రాళ్ళు ఆయన వైపు అద్దం కూడా తుడిచేవాళ్ళు. టైలరమ్మ బండి స్టార్టు చేసే ముందు ఒక్కటే చూసుకునేది, ఆయన ఎక్కాడా లేదా అని. ఎక్కకపోతే కదిలేది కాదు. ఎంత పొద్దెక్కినా, ఎవరు హారను కొట్టినా, ఆ వైపు బండి కుంగేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేది.

*

ఆ ఏడు వానలకి ముందు వాళ్ళు ఒక నది పక్కన, గులకరాళ్ళ మేట మీద ఆగారు. పైన కొండ, కింద నది, మధ్యలో గుడారాలు. ఆ చోటికి ఒక కాపలాదారు ఉండేవాడు. మెడలో ఈల వేసుకుని, మాటకి ముందు ఒకసారి ఈల ఊదేవాడు గనక అందరూ ఈలాయన అనేవాళ్ళు.

అక్కడికే బస్సు మీద చెల్లెలు వచ్చింది. సంచీ దించకుండానే ముందు అద్దం మీద వేలితో తట్టింది.

"బావా, బాగున్నారా? చిక్కినట్టు లేరులెండి, బండి చూస్తేనే తెలుస్తోంది."

టైలరమ్మ నవ్వింది. టీ పెట్టింది. ఇద్దరూ వెనక తలుపు దగ్గర కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు.

"అక్కా, నేను టీ తాగడానికి రాలేదే," అంది చెల్లెలు. "ముందు గది సున్నం వేయించాను. కిటికీ దగ్గర నీ మిషను పడుతుంది. మీ మరిది కూడా, వదిన్ని వెంటపెట్టుకుని గానీ రావద్దన్నాడు."

"వానలు తగ్గాక చూద్దాం."

"వానల్లోనే కదే భయం! నువ్వు మెట్టు దిగాలంటే తలుపు పట్టుకుంటున్నావు. చూస్తూనే ఉన్నా. రేపు ఏ కొండ మూలో జ్వరమొస్తే మందు బిళ్ళ ఎవరిస్తారు?"

"మీ బావున్నారుగా."

"ఆహా, బావ! బతికుండగానే జ్వరమొస్తే మందులు ఎక్కడున్నాయో నిన్నే అడిగేవాడు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి చెల్లెలు కొంగుతో కళ్ళొత్తుకుంది.

"బావని వదిలి రమ్మనలేదే నేను. ఆయన్నీ తీసుకురా. వరండాలో మంచి కుర్చీ వేస్తాను."

టైలరమ్మ గ్లాసులో మిగిలిన టీ రాళ్ళ మీద పారబోసింది.

"గచ్చు మీద వేసిన కుర్చీ ఒరగదే," అంది. "స్ప్రింగులుండవు. ఆయన కూర్చున్నారో, లేచి వెళ్ళిపోయారో నాకెలా తెలుస్తుంది? ఈ బండిలో అయితే తెలుస్తుంది. నాకింక మిగిలింది అదొక్కటేగా."

మర్నాడు బస్సెక్కే ముందు చెల్లెలు మళ్ళీ ముందు అద్దం దగ్గరికి వెళ్ళింది. "మీరైనా చెప్పండి బావా. నా మాట వినదు," అంది. బండి ఉలకలేదు, పలకలేదు. "మొగుళ్ళంతా ఇంతే," అని అక్క బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది.

*

మబ్బు వాళ్ళ మీదికి రాలేదు. ఎక్కడో ఎగువన కురిసింది. ఆ పొద్దున ఇక్కడ ఎండగానే ఉంది. లిఫ్టాయన ఎప్పటిలాగే నడకకి దిగాడు. బండి తేలింది. టైలరమ్మ టీ తాగి, ఒక చిరిగిన సంచీకి పట్టీ కుడుతుండగా ఈల గట్టిగా వినబడింది.

"లేవండి, లేవండి! పైన వరదంట. అందరూ రోడ్డు మీదికి ఎక్కెయ్యండి!"

గుడారాలు కూలాయి. గిన్నెలు, బూట్లు, పిల్లలు ఏది ఎక్కడ పడితే అక్కడ బండ్లలోకి చేరాయి. ఒక్కో బండీ మేట దాటి, ఏటవాలు బాట ఎక్కి, తారు రోడ్డు మీదికి పోయింది. టైలరమ్మ మిషను కట్టేసింది, తాడు మీది బట్టలు లాగేసింది, స్టీరింగు ముందు కూర్చుంది. అక్కడే ఆగిపోయింది.

ఈలాయన పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇంకా కదల్లేదే?"

"ఆయన రాలేదయ్యా."

"ఎటెళ్ళారు?"

"కొండ వైపే అనుకుంటాను. రాళ్ళేరుకుంటూ కూర్చుంటే టైము తెలీదు ఆయనకి."

ఈలాయన కొండ వైపు తిరిగి గట్టిగా ఈల ఊదాడు. నోటి చుట్టూ చేతులు పెట్టి, "లిఫ్టు సార్! అమ్మ పిలుస్తోంది!" అని అరిచాడు. ఇద్దరూ చూశారు. నది రంగు మారుతోంది. అంతవరకూ అడుగు రాళ్ళు కనిపించిన నీళ్ళు టీ రంగులోకి వచ్చాయి. దాని చప్పుడు కూడా మారింది. కింద ఎక్కడో రాయి రాయిని తోస్తున్నట్టు గరగరమని.

"ఇంకాసేపే అమ్మా," అని ఈలాయన మిగతావాళ్ళని పంపడానికి బాట వైపు వెళ్ళాడు.

నీళ్ళు మేట అంచు మీదికొచ్చాయి. పల్చగా, చడీచప్పుడూ లేకుండా, రాళ్ళ సందుల్లోంచి చక్రాల కిందికి పాకాయి. అప్పుడు కుంగింది బండి, ఆయన వైపు. ఊపిరి పీల్చుకుంది టైలరమ్మ. "ఇంతసేపా? ఏమైపోయారోనని నా ప్రాణాలు పోయాయి," అని తిడుతూ గేరు వేసింది.

చక్రం తిరిగింది గానీ బండి కదల్లేదు. నీళ్ళు పారిన గులకరాళ్ళ నేల ఇసకలా మెత్తబడిపోయింది. బరువంతా ఉన్న ఆయన వైపు చక్రం అక్కడికక్కడే గుంట తవ్వుకుంది. ఆమె మళ్ళీ తొక్కింది. బండి ఇంకా ఒరిగింది. నీళ్ళు ఆయన వైపు తలుపు మెట్టుదాకా వచ్చాయి.

"దిగి వచ్చెయ్యమ్మా!" బాట మీద నుంచి ఈలాయన అరుస్తున్నాడు. "బండి పోతే పోయింది! ఇటు వైపు ఇంకా నడవొచ్చు, దిగు!"

టైలరమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. పక్క సీటు వైపు చూసింది. సీటు మధ్యలో, ఎప్పుడూ ఉండే చోటే, గుంట పడి ఉంది.

"నేను దిగనండీ," అంది నెమ్మదిగా. "దిగితే మిమ్మల్ని ఎక్కడని వెతుక్కోను?"

నీళ్ళు ఆమె చెప్పుల దగ్గరికి వచ్చాయి, చల్లగా. ఆమె స్టీరింగు వదల్లేదు.

అప్పుడు సీటు లేచింది.

తలుపు తెరుచుకోలేదు. కిర్రుమని స్ప్రింగు ఒక్కటే పలికింది. ఒరిగిన బండి నీళ్ళలోంచి పైకి తేలింది, పొద్దున తేలినట్టే. "వద్దు! దిగొద్దు!" అని ఆమె అంటూనే ఉంది, వెనకాల ఎవరో భుజం ఆనించినట్టు బండి ఒక్క ఊపు ఊగింది. ఇంకో ఊపు. ఆమె పాదం దానంతటదే తొక్కింది. చక్రం గుంటలోంచి బయటపడి రాళ్ళని పట్టుకుంది.

"ఆగకు! ఆగావా మళ్ళీ దిగబడుతుంది!" ఈలాయన గొంతు చించుకున్నాడు. "పైకొచ్చేదాకా ఆగకమ్మా!"

బురదలోంచి బయటపడ్డ బండిని గట్టినేల వచ్చేదాకా ఆపకూడదు. తోసినవాళ్ళు వెనక నడిచొచ్చి ఎక్కుతారు. బండ్లలో బతికేవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. టైలరమ్మ పళ్ళు బిగించి తొక్కింది. మేట దాటింది, బాట ఎక్కింది, తారు రోడ్డు మీద బ్రేకు వేసింది. వెంటనే ఆయన వైపు తలుపు బార్లా తెరిచి పెట్టింది.

వెనక్కి చూస్తే మేట లేదు. ఎర్రటి నది ఈ కొండ పాదం నుంచి ఆ కొండ పాదం దాకా పోతోంది.

*

ఈలాయన తడిసిన చొక్కా పిండుకుంటూ వచ్చాడు. బండి వెనక్కి వెళ్ళి చూశాడు. వెనక తలుపు రేకు మనిషి భుజం ఎత్తులో లొట్టపడి ఉంది.

"గట్టిగానే తోశారమ్మా," అన్నాడు.

"వస్తారు. బరువైన మనిషి, కొట్టుకుపోరు," అంది టైలరమ్మ.

ఈలాయన వెళ్ళి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి, నది వైపు నిలబడి ఈల ఊదాడు. మళ్ళీ ఊదాడు. ఎవరు ఊదమన్నారు? తనంతట తనే, ఎండ వాలేదాకా అలా ఊదుతూనే ఉన్నాడు. ఆమె సీటు వైపే చూస్తూ కూర్చుంది. బండి సమంగా ఉంది. సంతలో బేరానికి పెట్టిన కొత్త బండిలా, ఏ వైపూ ఒరగకుండా ఉంది.

వరద తీసే దాకా ఆమె ఆ రోడ్డు పక్కనే ఉండిపోయింది. నీళ్ళు తగ్గాక కిందికి దిగి, కొత్తగా పడ్డ రాళ్ళ మధ్య నడిచింది. "ఏమండీ, బండి పైన రోడ్డు మీదుందండీ," అని అక్కడక్కడా ఆగి చెప్పింది. వింటే దారి తెలుస్తుందని. తిరిగొచ్చి, తలుపు తెరిచి పెట్టే నిద్రపోయింది. తెల్లవారాక కదలకుండా పడుకుని చూసింది. బండి తేలడానికి అది కుంగితే కదా.

ఒక పొద్దున లేచి ఆ తలుపు మూసింది. నెమ్మదిగా, వేళ్ళు పడతాయేమో అన్నట్టు మూసింది. చెల్లెలికి ఫోను చేసింది.

"వస్తున్నానే."

"అమ్మయ్య! బావకి మలుపులు పడవు, మెల్లగా రండి ఇద్దరూ."

టైలరమ్మ పక్క సీటు వైపు చూసింది.

"అక్కా?"

"ఒక్కదాన్నేనే," అంది టైలరమ్మ.

చెల్లెలు అవతల గట్టిగా ఏడ్చింది. టైలరమ్మ ఆ ఏడుపు అయ్యేదాకా ఫోను చెవి దగ్గరే పట్టుకుని, "ఊరుకో, ఊరుకో," అంది.

ఊరి వైపు పోవాలంటే కొండ కనుమ ఎక్కాలి. వచ్చేటప్పుడు ఆ ఎక్కుడు మీద బండి ఎంత మొరాయించిందో ఆమెకు గుర్తుంది. మొదటి గేరులో మూలిగి, ఆగి, పొగలు కక్కి, మధ్యలో నీళ్ళు పోయించుకుని గానీ పైకి రాలేదు. భయం భయంగానే మొదటి గేరు వేసింది. బండికి అది చాలనిపించలేదు. రెండోది వేసింది. మూడోది వేసింది. మలుపు వెనక మలుపు, ఎక్కడా మూలగకుండా, నీళ్ళడగకుండా, ఎండలో ఆరిన గుడ్డలా ఎగురుకుంటూ ఎక్కింది.

ఎదురొచ్చిన లారీ డ్రైవరు ఆ వేగం చూసి, బాగా లాగుతోందే అన్నట్టు బొటనవేలు పైకెత్తాడు.

కనుమ పైన టైలరమ్మ బండి పక్కకి తీసి ఆపుకుంది. ఇంజను ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుంది. వరదకి ఏడవలేదు, తలుపు మూసినప్పుడు ఏడవలేదు. అంత కొండని బండి అంత తేలిగ్గా ఎక్కినందుకు ఏడ్చింది.