బయ్యన్న అడిగిన పాట

హజరత్ వలికి జానపదాలు పాడే బయ్యన్న గొంతు పరిచయమైంది కళ్యాణదుర్గం బస్టాండు పక్కనున్న టైలరు అంగడి మెట్ల మీద. అప్పుడు వలి తొమ్మిదో తరగతి. ఆ ఏడు వాళ్ల నాయన బెంగళూరుకు కూలికి పోయి, ఆరు నెలలకు శవమై లారీలో తిరిగొచ్చాడు. తల్లి మాబీ శనక్కాయల మిల్లులో విత్తనాలు ఏరే పనికి కుదిరింది. బడి వదిలాక ఖాళీ ఇంటికి పోబుద్ధి కాక వలి ఆ మెట్ల మీద కూర్చునేవాడు. లోపల టేపురికార్డరులో బయ్యన్న పాడుతుండేవాడు. వజ్రకరూరు చేలల్లో తొలకరికి వజ్రాలు ఏరబోయి తిరిగిరాని మొగుడి కోసం ఒక ఆడమనిషి పాడుకునే పాట అది.

"వానొస్తే రాళ్లు నవ్వుతాయంటివే,
వాన రాని యేడు నేనెట్ల నవ్వేది."

నాయన పోయినప్పుడు రాని ఏడుపు ఆ మెట్ల మీద వచ్చింది. పాట అయిపోతే టైలరు క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు.

బయ్యన్నను ఎదురుగా చూడాలని వలి రెండుసార్లు అనుకున్నాడు గానీ కుదరలేదు. ఒకసారి తల్లికి జ్వరం, ఇంకోసారి తన పెళ్లి. ఆ గొంతు మీద ఇష్టంతోనే మైకుసెట్టు పనిలోకి దిగాడు. పెళ్లిళ్లకూ ఉరుసులకూ మీటింగులకూ స్పీకరు పెట్టెలు మోసి మోసి, నలభై ఆరేళ్లు వచ్చేసరికి సొంత సెట్టు పెట్టుకున్నాడు. అప్పటికి బయ్యన్న పాటలను కుర్రకారు చాలావరకు మరిచిపోయింది.

వరుసగా మూడో ఏడూ వాన ముఖం చాటేసిన కాలంలో, ఒక విత్తనాల కంపెనీ కంబదూరు బయట బీడులో షామియానా వేసి రైతుల సభ పెట్టింది. ఉత్త ఉపన్యాసాలకైతే ఎవరూ రారని, భోజనాలతో పాటు బయ్యన్న పాటలు కూడా పెట్టామని కంపెనీ మనిషి సురేంద్ర వలితో చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి వలికి అన్నం సరిగ్గా సయించలేదు. ఉన్న వైర్లన్నీ మార్చాడు. మంచి మైకు ఒకటి అనంతపురం పోయి తెచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి కారు వచ్చింది. ముందు దిగింది బయ్యన్న కూతురు పద్మజ. నేరుగా వలి దగ్గరికొచ్చి పెన్ డ్రైవు చేతిలో పెట్టింది. నాలుగేళ్ల కింద నాయనకు గొంతులో క్యాన్సరు గడ్డ కోసి తీశారని, తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టారని, ఇప్పుడు గొంతు లేదని చెప్పింది. ఎక్కడికి పోయినా పాత పాటలు వేస్తారట. ఆయన చేతిలో మైకు ఉంటుంది గానీ దాన్ని తెరవకూడదు. ఇల్లు జరిగేది ఈ కార్యక్రమాలతోనే, ఎవరికీ చెప్పొద్దని బతిమాలింది. వలి తల ఊపాడు. కొత్త మైకు వైపు చూడలేకపోయాడు.

కాసేపటికి బయ్యన్నే వేదిక వెనక్కి వచ్చాడు. సన్నటి మనిషి, మెడకు కండువా చుట్టుకున్నాడు. వలి లేచి నిలబడ్డాడు.

"నీ పేరేందప్పా?" ఎండిన ఆకు మీద కాలు పడినట్టుంది ఆ గొంతు.

వలి చెప్పాడు.

"వలీ, వజ్రాల పాటకు ఆ పెన్ డ్రైవు ఆపి, నా మైకు తెరువు. నాలుగేండ్లాయె నా గొంతు పెట్టెలో విని. పద్మకు చెప్పొద్దు."

"జనం ఏమన్నా అంటారేమో అన్నా."

"అననీలే."

మొదటి రెండు పాటలూ బాగా నడిచాయి. జనం ఈలలు వేశారు. వేదిక పక్కనే కూర్చున్న వలికి మాత్రం పెట్టెలోంచి వచ్చే పాత గొంతు కింద ఇంకోటి కూడా వినబడుతూ ఉంది. బయ్యన్న ఉత్తినే పెదవులు కదపడం లేదు. నిజంగానే పాడుతున్నాడు.

మూడో పాట మొదలుపెట్టే ముందు బయ్యన్న తలతిప్పి చూశాడు. వలి పెన్ డ్రైవు ఆపి మైకు తెరిచాడు. పెద్దాయన అడిగాడు కాబట్టి తెరిచానని తర్వాత చాలామందికి చెప్పాడు గానీ, అది సగమే నిజం. ఆ పాటను ఆ మనిషి నోటి నుంచి ఒక్కసారి వినాలన్న ఆశ అతనిదే.

ఎండిన బావి గట్టు మీద మోకు ఈడ్చినట్టు వచ్చింది శబ్దం. రాగం లేదు. మాటలు సగం గాలిలోనే పోతున్నాయి. జనం మొదట సెట్టు చెడిపోయిందనుకున్నారు. తర్వాత ఎవరో నవ్వారు. ఇంతసేపూ టేపు పెట్టి మోసం చేశారని వెనక నుంచి ఒకడు అరిచాడు. దాంతో నవ్వు షామియానా అంతా పాకింది. చాలా చేతుల్లో ఫోన్లు లేచాయి. సురేంద్ర పరుగెత్తుకొచ్చి ఆపమన్నాడు. వలి చెయ్యి మీటల మీదికి పోయింది. బయ్యన్న వద్దని తల అడ్డంగా ఊపాడు. వలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేదిక కింద నిలబడ్డ పద్మజ నాయన వైపు చూడలేదు, వలినే చూస్తూ ఉంది.

బయ్యన్న నాలుగు చరణాలూ పాడాడు. మూడో చరణానికే అన్నం గంపలు వచ్చాయని జనం అటు లేచిపోయారు.

కారు ఎక్కేటప్పుడు బయ్యన్న వలి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎట్లుండాదప్పా నా గొంతు?"

"బాగుండాదన్నా."

"నేనూ వింటి లేప్పా," అన్నాడు. చెయ్యి వదిలి కారెక్కాడు.

రెండు రోజుల్లో ఆ వీడియో అన్ని ఫోన్లలోకీ పాకింది. కింద నవ్వే బొమ్మలు. ఒప్పుకున్న కార్యక్రమాలన్నీ ఒకటొకటే రద్దయ్యాయని వలికి తెలిసినవాళ్లు చెప్పారు. అతను పద్మజకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

రెండు నెలలకు బయ్యన్న చనిపోయాడని తెలిసింది. వలి తన సెట్టును ఆటోలో వేసుకుని బయ్యన్న ఊరు వజ్రకరూరుకు పోయాడు. అంతిమయాత్రకు మైకు తను పెడదామనుకున్నాడు. గడపలో కూర్చున్న పద్మజ ఆటో చూసి లేచొచ్చింది. దించొద్దంది.

"ఆయనే అడిగినాడని నాకు తెలుసన్నా. నన్నూ నాలుగేండ్లు అడిగినాడు. నేను ఒప్పుకోల్యా. ఆ సభ అయిన దినం నుంచి నాయన నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడల్యా, నీళ్లు కావాలన్నా చెయ్యి చూపించేటోడు."

వలి క్షమించమని అడగబోయి, దించబోయిన పెట్టెను మళ్లీ ఆటోలోకి తోశాడు.

మైకు లేకుండానే శవం లేచింది. వలి అందరికంటే వెనక నడిచాడు. గుంత దగ్గర తన వంతు వచ్చినప్పుడు మూడు పిడికిళ్ల మన్ను వేశాడు. మన్ను పిండిలా ఉంది, వేళ్ల సందుల్లోంచే సగం జారిపోయింది. చేతులు దులుపుకుని, ఎండలో నిలబెట్టిన ఆటో వైపు నడిచాడు.