హలో తర్వాత మాట

స్తంభానికి లౌడుస్పీకరు కట్టి దిగిన ఆంజినప్ప, అది ముదిగుబ్బ సర్కిలు వైపు తిరిగిందో లేదో తలెత్తి చూసుకున్నాడు. తర్వాత వేదికెక్కి మైకులో "హలో, హలో" అన్నాడు. మీసం మొలిచిన నాటి నుంచి మైకులో ఆయన పలికింది ఆ ఒక్క మాటే. పెళ్లయినా, జాతరయినా, ఏ పార్టీ సభయినా సరే, హలో అనేసి పక్కకు తప్పుకునేవాడు. ఎండకు కమిలిన మొహం, వైర్లు మెలిపెట్టి మొద్దుబారిన వేళ్లు. చెప్పుకోవడానికి అంతకు మించి ఏముందిలెండి ఆ మనిషి దగ్గర.

పొద్దు వాలేవేళకు ఎన్నికల అభ్యర్థి రాఘవేంద్ర కారు దిగాడు. శనగచేలు ఎండిపోయిన పల్లెల నుంచి జనం ట్రాక్టర్లలో వచ్చి కూర్చున్నారు. వేదిక వెనక ఆయన తన అనుచరుడు దివాకర్‌తో నవ్వుతూ అన్నాడు.

"వీళ్లకు నీతీ నియమం యాడుండాయప్పా. బిర్యానీ పొట్లం చూపిస్తే యా పక్కకైనా తిరుగుతారు."

పక్కనే వైరు చుడుతున్న ఆంజినప్ప విన్నాడు. ఇట్లాంటి మాటలు అన్ని పార్టీల వేదికల వెనకా విన్నవే. ఒళ్లు మండినా వైరు చుట్టడం ఆపలేదు.

ప్రసంగం మంచి ఊపులో ఉండగా కృపాకుమారి ఏడుస్తూ ఆంజినప్ప దగ్గరికి వచ్చింది.

"మాయమ్మ అనంతపురం ఆస్పత్రిలో పోయినాదన్నా. ఎత్తుకొస్తాండారు. సమాధులకు దావ ఇదే కదా."

ఎలిజబెత్తమ్మ. ఊరందరి శనగకాయలూ ఒలిచిన కూలి మనిషి. ఆ ఊళ్లో శవం వీధి దాటేదాకా మైకు మోగదు. ఎవరి ఇంటి శవమైనా అంతే, పెళ్లిమేళం కూడా ఆగవలసిందే. ఆంజినప్ప చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. దివాకర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"సారు మాట్లాడతాండేది కనపళ్లేదా? ముసిల్ది పోతే ఎవురికి పట్టింది. ఆపినావంటే జిల్లాలో నీకింగ యాడా పనుండదు."

అన్నంత పనీ చేయగలడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ మైకు మీదే. అయినా ఆంజినప్ప చెయ్యి విడిపించుకున్నాడు. వేదికెక్కి, అభ్యర్థి నోటి ముందు నుంచి మైకు తీసుకున్నాడు.

"ఎలిజబెత్తమ్మ పోతాంది. లెయ్యండప్పా."

ఆ మాట సర్కిలంతా వినిపించింది. స్విచ్చి ఆపేశాడు.

రాఘవేంద్ర చిరునవ్వు నవ్వి ఉత్త గొంతుతోనే ప్రసంగం అందుకున్నాడు. వినేవాడేడీ? జనం లేచి, చెప్పులు విడిచి, శవపెట్టె వస్తున్న దారి వైపు తిరిగి, వేదికకు వీపు పెట్టి నిలబడ్డారు. గొర్రెల కాపరి తిప్పన్న మటుకు ఇటు తిరిగాడు.

"దిగు సామీ. శవం పోయేటప్పుడు ఎత్తు మీద నిలబడగూడదు."

అన్ని వందల వీపుల ముందు ఎంతసేపు నిలబడతాడు? దిగాడు. బూట్లూ విప్పాడు.

శవపెట్టెకు ఆంజినప్ప భుజం పట్టాడు. దుఃఖం పొంగుకొస్తున్నా ఆయన తల ముందెన్నడూ లేనంత పైకి లేచింది. సభ సభంతా వెంట నడిచింది. రేపు పని ఉంటుందో ఊడుతుందో, ఆ నిమిషాన ఆయనకు గుర్తే లేదు.

వెనక ఖాళీ సర్కిల్లో, రాఘవేంద్ర మెడలో వేయాలని క్రేనుకు తగిలించిన గజమాల, దించేవాడు లేక గాలికి మెల్లగా తిరుగుతూ ఉండిపోయింది.