అంజూర పచ్చడిలో నా ఉప్పు

నాకు నోరెక్కువని మా వాళ్లందరికీ తెలుసు. నంద్యాలలో నేను పాఠాలు చెప్పే బడిలో, మూడో గదిలో నేను అరిస్తే ఏడో గదిలో పిల్లలు పుస్తకాలు తెరుస్తారంటారు. మా ఆయన ప్రేమ్ సాగర్ అయితే, అనిత ఊరెళ్లిన రోజు ఇంట్లో ఫ్యాను చప్పుడు కూడా వినపడుతుందని వెక్కిరిస్తాడు. అలాంటి నోరు, తెరవాల్సిన ఒక్క పూట తెరుచుకోలేదు. అది జరిగి నాలుగేళ్లయింది.

ఏసమ్మ వదిన మా ఆయనకు అక్క. ఉండేది ఆళ్లగడ్డలో, కొడుకు తిమోతి, కోడలు జెస్సికాల దగ్గర. భర్త పోయి చాలా ఏళ్లయింది. వాళ్ల పెరట్లో, బట్టలుతికే బండ పక్కన ఒక అంజూర చెట్టుంది. నాటింది ఆమే. ఎండలు ముదిరే ముందు కాయలు దోరకు రాగానే పచ్చడి చేసేది. అంజూరాలను పండుగా తినడమే తెలిసినవాళ్లకు పచ్చడి అంటే నవ్వొస్తుంది. పెళ్లయిన కొత్తలో నేనూ నవ్వాను. జొన్నరొట్టెలో పెట్టుకుని ఒక్క ముక్క తిన్నాక నవ్వు పోయింది. ముందు తీపి తగిలేది, వెనకనుంచి కారం వచ్చేది, చింతపులుపు మధ్యలో దూరి రెండింటికీ రాజీ చేసేది. చర్చిలో ప్రేమవిందు ఉందంటే చాలు, ఏసమ్మ పచ్చడి ఉందా అని ముందే అడిగేవాళ్లు.

వదిన కోరిక ఒక్కటే. తన వంట తనకు తిండి పెట్టాలి. కొడుకూ కోడలూ బాగానే చూసుకునేవాళ్లు. అయినా ఆమెకు మనసొప్పేది కాదు.

"ఒకరి మీద పడి తినేది నాకు చేతకాదు అనితా. ఓపికున్నన్నాళ్లు వొండుకుంటా బతుకుతా" అనేది.

మా బడిని ఆనుకుని ఉన్న ఆడపిల్లల హాస్టలుకు వంటమనిషి కావాలని తెలియగానే, వార్డెను వాణి గారికి వదిన గురించి చెప్పాను. ఒకసారి చేతివంట తిని చూస్తానన్నారామె. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. మా వదిన పచ్చడి తింటే మీరు వేరే మాటే మాట్లాడరని గొప్పలు కూడా పోయాను.

శనివారం సాయంత్రం వదిన బస్సు దిగింది. సంచి నిండా దోర అంజూరాలు. నలగకుండా దారంతా ఒళ్లో పెట్టుకుని కూచుందట. రాళ్ల ఉప్పు కూడా ఇంటి దగ్గరనుంచే మూటగట్టి తెచ్చుకుంది. మిక్సీ ఉంది కదా అంటే వినలేదు.

"మిక్సీలో ఏస్తే అది పచ్చడెట్ల అయితాది? పసిపిల్లోళ్లకు పెట్టే ముద్ద అయితాది. రోలు యాడుంది?"

రోలు మేడ మీద పూలకుండీ కింద ఉంది. దింపేసరికి ప్రేమ్ సాగర్ నడుం పట్టుకున్నాడు. నాకు చిరాకేసి, వాణి గారు వచ్చేది పచ్చడి తినడానికా, రోలు చూడడానికా అని ఒక మాట అననే అన్నాను. వదిన విననట్టే రోలు కడుక్కుంది.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. మా అత్తగారి నాటిది. భోజనానికి ప్రార్థన చేసేదాకా వండిన మనిషి కూడా వేలికొసతో రుచి చూడకూడదు. దేవునికి స్తోత్రం చెప్పకముందే నాలిక చాపేదేందీ అనేదట ఆమె. వదిన ఆ తల్లి చేతికింద పెరిగిన మనిషి. ఉప్పూ కారం చేత్తో తూచేది, కంటితో చూసేది. ఏనాడూ తప్పలేదు.

మరునాడు తెల్లారగానే కాయలు కోసింది. అంజూర తొడిమె కోస్తే పాలు కారుతాయి. ఆ పాలు పోకపోతే నాలుక దురద పెడుతుంది. అందుకని ముక్కలకు రాళ్ల ఉప్పు పట్టించి చిల్లుల గిన్నెలో వదిలేయాలి. పాలూ నీరూ కిందికి దిగిపోతాయి. ముక్కలు పీల్చుకున్న ఉప్పే పచ్చడికి సరిపోతుంది, మళ్లీ వేయనక్కర్లేదు. ఇదంతా ఇప్పుడు నాకు తెలుసు. ఆ పొద్దున తెలియదు. పన్నెండేళ్లు ఆ పచ్చడి తిన్నాను గానీ, ఒక్కసారి పక్కన కూచుని చూసిన పాపాన పోలేదు. ఆమె ఉప్పు పట్టించే వేళకు నేను చర్చికి కట్టుకునే చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను.

చర్చి నుంచి రాగానే వదిన పని మొదలుపెట్టింది. ఎండుమిరపకాయలు, జీలకర్ర, వేరుశనగలు వేయించింది. అంజూర ముక్కల్ని నూనెలో మగ్గబెట్టింది. చింతపండు, వెల్లుల్లి చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరింది. తాలింపు పెట్టి, చెమట తుడుచుకుంటూ ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది.

నేను చూస్తూనే ఉన్నాను. ఆమె ఉప్పు వేయలేదు. మా ఉప్పుజాడీ నేను పెట్టినచోటే ఉంది, మూత కూడా కదల్లేదు. వాకిట్లో వాణి గారి స్కూటీ ఆగింది. వదినా, ఉప్పు వేశావా అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ నేను టీచర్ని. తప్పు కనబడితే దిద్దడమే తప్ప అడగడం నాకు అలవాటు లేదు. పిడికెడు ఉప్పు వేసి అడుగునుంచి బాగా కలిపేశాను. రుచి చూడకూడదు కదా, చూడలేదు. పైగా వదిన పరువు కాపాడానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ప్రేమ్ సాగర్ ప్రార్థన చేశాడు. అక్క చేతుల్ని దీవించమని కూడా అడిగాడు. వాణి గారు రొట్టె తుంచి, పచ్చడి నిండుగా అద్దుకుని నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆగిపోయింది. మర్యాదగల మనిషి, ఎలాగో మింగేసి గ్లాసెడు నీళ్లూ తాగారు.

"ఉప్పు కొంచెం ఎక్కువైందమ్మా" అన్నారు.

వదిన ఇంత తీసి నాలుక మీద వేసుకుంది. ముఖం వాడిపోయింది.

"పొద్దున్నే ముక్కలకు పట్టిస్తిని. మల్లా ఏసినట్టుండా. ఎప్పుడేసినానో ఏమో, నాకు గెవనమే లేదు."

"ముసిల్దానివైతాండావులే అక్కా" అని నవ్వాడు ప్రేమ్ సాగర్, తేలిక చేద్దామని.

పొద్దున్నే పట్టిస్తిని అనగానే నాకంతా అర్థమైంది. నోరు తెరవబోయాను. అప్పుడే వాణి గారు నావైపు చూశారు. తెలియని పనిలో చెయ్యిపెట్టి చెడగొట్టిందని రోజూ చూసే మనిషి ముందు అనిపించుకోవడం నామోషీ అయింది. ఆమె వెళ్లాక చెబుదాంలే అనుకున్నాను. ఆమె వెళ్లాక, వదిన బస్సెక్కేటప్పుడు చెబుదాంలే అనుకున్నాను. బస్సు కదిలాక చెయ్యి ఊపాను.

పది రోజులకు హాస్టల్లో ప్యాపిలి నుంచి వచ్చిన ఒకామెను పెట్టుకున్నారు. వందమంది పిల్లలకు వండే చోట మరుపు మనిషి అయితే కష్టమన్నారు వాణి గారు. ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు.

పని పోతే పోయింది, అంతటితో ఆగినా బాగుండేది. వదినకు తన చేతి మీద నమ్మకం పోయింది. వంటిల్లు జెస్సికాకు అప్పజెప్పేసింది. మతిమరుపేమో అని తిమోతి కర్నూలులో ఒక డాక్టరుకు చూపించాడు. ఏ జబ్బూ లేదన్నాడాయన. వదిన నమ్మలేదు. మా ఆయన అవన్నీ చెప్పుకుని బాధపడుతుంటే నేను గిన్నెలు తోముతూ ఉండేదాన్ని. ఆలస్యమయ్యేకొద్దీ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి అన్నదే పెద్ద భయమైంది. సిగ్గులేనిదాన్ని, ఆ భయంతోనే నాలుగేళ్లు దొర్లించాను.

మొన్న మార్చిలో జెస్సికా ఫోను చేసింది. కాయలు విరగకాశాయి, అత్తమ్మ అటు తిరిగి కూడా చూడదు, పిట్టలు తింటున్నాయి, వచ్చి కోసుకుపొమ్మంది. ఒక్కదాన్నే వెళ్లాను. వదిన వంటింటి గడప దగ్గర కూచుని వెల్లుల్లి ఒలుస్తోంది. నన్ను చూసి టీ పెడతానని లేచింది. పొయ్యి ముందు నిలబడి కోడల్ని పిలిచింది.

"చక్కెర ఏసినానా?"

"ఏసినావత్తమ్మా" అంది జెస్సికా. నిమిషం తర్వాత మళ్లీ అదే అడిగింది. జెస్సికా విసుక్కోకుండా మళ్లీ చెప్పి, బట్టలు ఆరేయడానికి వెళ్లింది.

వదిన టీ ఇచ్చి మళ్లీ వెల్లుల్లి ముందు కూచోగానే నేను గ్లాసు కింద పెట్టేశాను.

"వదినా, ఆ పొద్దు నువ్వు రెండుసార్లు ఉప్పేయలేదు. రెండోసారి ఏసింది నేను. నువ్వు మొగం కడుక్కోను పోయినప్పుడు ఏసినా."

వదిన చేతిలో ఉన్న రెబ్బ ఒలవడం పూర్తిచేసింది.

"ఆ వార్డెనమ్మ ముందర కూచున్నప్పుడు తెలుసునా నీకు?"

"తెలుసు."

"తిమోతి నన్ను డాక్టరు కాడికి పిల్చుకపోయినప్పుడు?"

"తెలుసు వదినా."

"నాలుగేండ్లు" అంది. "నాలుగేండ్లు ఎవురికీ నా చేత్తో వొండి పెట్టలేదు. పొద్దున లేస్తానే మా నాయన పేరు, మా అమ్మ పేరు, పిల్లోళ్ల పేర్లు చెప్పుకుంటాండా. గుర్తుండాయో పోయినాయో అని."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన వెల్లుల్లి ఒలిచి లేచి, "పోయి కాయలు కోసుకరా" అంది.

ఈసారి పక్కనే కూచుని మొదటినుంచీ చూశాను. తొడిమెలు కోయడం, ముక్కలకు ఉప్పు పట్టించడం, పాలు దిగేదాకా ఆగడం, అంతా చూశాను. చేతులు ఏదీ మరిచిపోలేదు. రోట్లో నూరుతూ నూరుతూ ఒక్కసారి ఆగింది.

"ఉప్పు పట్టిస్తినా?"

"పట్టించినావు వదినా. నేను చూస్తిని."

నా ముఖంలోకి చూసింది. లేచి పెరట్లోకి వెళ్లింది. చిల్లుల గిన్నె కింద పెట్టిన పళ్లెంలో దిగిన నీటిలో ఉప్పు గరుకు తగులుతోందా అని వేలితో తడిమి చూసి వచ్చి, మళ్లీ నూరడం మొదలుపెట్టింది.

ముగ్గురం కూచున్నాం. వదినే ప్రార్థన చేసింది. నా పళ్లెంలో రొట్టె వేసి, పక్కన పచ్చడి పెట్టింది. తాను ముట్టుకోలేదు. నేను తిన్నాను. అదే తీపి, అదే కారం. ఉప్పు కొలిచినట్టుంది.

"బాగుంది వదినా. ఉప్పు సరిగ్గా సరిపోయింది" అన్నాను.

"అట్లనా" అంది.

తర్వాత పచ్చడి గిన్నెను కోడలివైపు జరిపింది.

"జెస్సికా, నువ్వు తిని చెప్పుమ్మా."